పడగ మీది అంకె

విచియన్ బోర్లా పడుకుని కొక్కెం కర్రను వంటింటి గట్టు కిందికి పోనిచ్చాడు. లోపల నాగుపాము బుసకొడుతోంది. అది కాటేసిన పెంపుడు కుక్క గుమ్మం దగ్గర చచ్చి పడి ఉంది. ఆ కసితో ఇంటాయన ఇనప గొట్టం తీసుకుని గట్టు కిందికి పొడిచాడు. దెబ్బ పాముకు కాదు, విచియన్ వేళ్ళకు తగిలింది. గోరు ఊడి నెత్తురు కారింది.

"కొట్టకు అన్నా, నేను తీస్తున్నాగా," అన్నాడు. కసురుకోవడం అతనికి చేతకాదు. బాంకాక్ శివారులో అతను పనిచేసే అగ్నిమాపక కేంద్రంలో, ఇళ్ళలో దూరిన పాముల్ని పట్టే పని అంతా అతని నెత్తిన పడిందంటే, ఎవరికీ కాదని చెప్పలేకపోవడమే కారణం. పెళ్ళి లేదు, ప్రమోషన్ లేదు. పండగ డ్యూటీలన్నీ అతనివే.

పాము మెడ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి సందు సందంతా అక్కడే ఉంది. మర్నాడు లాటరీ. పాము ఇంట్లో దూరిందంటే లాటరీ తగిలే అంకె చెప్పడానికేనని వాళ్ళ నమ్మకం. తోటి ఉద్యోగి కసెమ్ సంచి మూతి తెరిచి పట్టుకున్నాడు.

"ఉండు నాయనా! పడగ మీద కాస్త పౌడరు జల్లితే అంకె తేలుద్ది," అంటూ పక్కింటి లమాయ్ పెద్దమ్మ డబ్బాతో తోసుకొచ్చింది.

"నీ అంకెకో దండం పెద్దమ్మా, తప్పుకో!" కసెమ్ అరిచాడు.

"నీకేం పోయిందిరా? పట్టుకున్నది నువ్వా?"

"పోనీలేరా, చూసుకోనీ," అన్నాడు విచియన్. ఎంత తెలివితక్కువ మంచితనం!

గాలికి పౌడరంతా అతని కళ్ళల్లో పడింది. తుమ్మొచ్చి, నెత్తుటి వేళ్ళు జారాయి. పాము గిర్రున తిరిగి మణికట్టు పట్టుకుని, వదలకుండా నమిలింది.

"చంపండి దాన్ని!" కర్రలు, ఇటుకలు లేచాయి. విచియన్ పామును పీకి సంచిలో కుక్కి, సంచిని తన వెనక్కి తోసి అడ్డంగా కూలబడ్డాడు. దానికి పడాల్సిన దెబ్బలు అతని భుజాలమీద, చేతులమీద పడ్డాయి. కసెమ్ ఇద్దర్ని తన్ని, అతన్నీ సంచినీ వ్యానులోకి లాగాడు.

"దీన్ని తుంగలో వదలరా. చంపనీకు."

"ముందు నువ్వు నోర్మూసుకుని పడుకో!"

ట్రాఫిక్‌లో వ్యాను కదల్లేదు. విచియన్ రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. ఆస్పత్రి గేటు కనబడేలోపే ఊపిరి ఆగిపోయింది. చీకటి పడకముందే కసెమ్ ఊరవతల తుంగలో సంచి విప్పాడు. పామును తిట్టిపోస్తూ, ఏడుస్తూ.

అప్పటికి సందులోకి కబురొచ్చింది. లోపలికి వెళ్ళేముందు విచియన్ విడిచిన బూట్లు ఇంకా ఆ ఇంటి గుమ్మం పక్కనే ఉన్నాయి. లమాయ్ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, ఒకదాన్ని తిరగేసింది. అరిగిన అడుగు మీది సైజు అంకెను బొటనవేలితో రుద్ది చూసింది.

బూటు లోపల చెమట తడి ఇంకా ఆరలేదు.