మూడో అంతస్తులో దండెం

గడ్డం గీసుకునే బ్రష్షుతో అతను మేడలు తుడుస్తున్నాడు. ముందు పైకప్పుల మీది దుమ్ము, ఆ తర్వాత రోడ్ల మీది దుమ్ము, చివరికి చెట్ల కింద. చెట్లంటే ఆకుపచ్చ రంగు పట్టించిన స్పాంజి ముక్కలు, సన్నటి తీగకు గుచ్చినవి. గట్టిగా ఊపిరి వదిలితే రెండు మూడు చెట్లు రోడ్డుకు అడ్డంగా పడతాయి. అందుకని ఊపిరి బిగబట్టి తుడుస్తాడు, బల్లకు దూరంగా జరిగి ఊపిరి వదిలి మళ్ళీ వస్తాడు. హాలు తలుపులు ఇంకా తెరవలేదు. బల్ల పక్కన స్టూలు మీద అతని పెట్టె ఉంది. అందులో బ్లేడ్లు, పట్టకారు, గమ్ సీసా, దారపు ఉండ, ఒక సంచీ నిండా అదనపు చెట్లు.

వర్క్‌షాపులో అతన్ని అంగుళం అంటారు. మనిషి పొట్టి కావడం ఒక కారణం. ఏది అడిగినా అంగుళాల్లో చెప్పడం ఇంకో కారణం. భోజనానికి రమ్మంటే "ఇంకో అంగుళం పనుంది" అంటాడు. యాభై దాటిన మనిషిని అలా పిలవడం ఏం మర్యాద అని కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో నసుగుతారు. కొన్నాళ్ళకు వాళ్ళకూ నోరు అలవాటు పడిపోతుంది.

కట్టబోయే భవనాలకు అట్టతోనూ ప్లాస్టిక్ రేకులతోనూ నమూనాలు చేయడం అతని పని. ఆస్పత్రులు, ఆఫీసులు, ఈతకొలనున్న హోటళ్ళు, ఈ ఊళ్ళో తలెత్తి చూడదగ్గ మేడల్లో చాలా భాగం మొదట అతని ఒళ్ళో కూర్చుని లేచినవే. కట్టిన తర్వాత వాటిలో ఒక్కదాని గడప కూడా అతను తొక్కలేదు. చాకు పట్టీ పట్టీ కుడిచేతి చూపుడువేలి కొస పలకబారిపోయింది. వేళ్ళ మీద ఎప్పుడూ ఎండిన గమ్ పొర ఉంటుంది. ఇంటికెళ్ళి దాన్ని ఒలుచుకుంటూ కూర్చుంటే, ఆ తొక్కలన్నీ కంచంలో పడుతున్నాయని అక్క కసురుతుంది.

ఈసారి బల్ల మీద ఉన్నది పాత మిల్లు స్థలం. ఆకాశానికి ఎగబాకే అయిదు మేడలు, వాటి వెనక మూల ఒక పొట్టి బ్లాకు. పెద్ద మేడలు కట్టుకోవాలంటే తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళు కూడా కట్టాలని నగర కార్యాలయం కంపెనీకి షరతు పెట్టింది. మిల్లు వెనక వీధిలో కూలగొట్టబోతున్న పాత ఇళ్ళవాళ్ళకు అందులో మొదటి హక్కు. ఆ బ్లాకు ఖాయమైతే అది లేచేదాకా తలదాచుకోవడానికి గదులు చూపిస్తామని కూడా కంపెనీ మాటిచ్చింది. ఆ వెనక వీధిలోనే, ఇప్పటికే అమ్ముడుపోయిన ఒక ఇంటి పైగదిలో, అంగుళమూ అతని అక్కా ఉంటున్నారు.

ఇవాళ చుట్టుపక్కల జనం వచ్చి నమూనా చూసి తమ అభిప్రాయం చెబుతారు. విన్న తర్వాత నగర కార్యాలయం అధికారి తేల్చి చెబుతాడు. బ్లాకు ఉంటే అక్కాతమ్ముళ్ళు కలిసి ఉంటారు. లేకపోతే, అతని సంపాదనకు ఇద్దరికి సరిపడే గది ఇంకెక్కడా దొరకదు కాబట్టి, అక్క వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి పోవాలి. ఆ ఇంట్లో ఇంకొకళ్ళకు చోటు లేదు, ఉన్నా అక్కడ అంగుళం చేసే పని లేదు. సాయంత్రానికి చెల్లెలి మొగుడు వ్యాను తీసుకుని వస్తానన్నాడు. కబురు మంచిదైతే అతను టీ తాగి ఒంటరిగా వెళ్ళిపోతాడని, కాకపోతే తానూ ఎక్కుతానని అక్క ముందే చెప్పి ఉంచింది.

అక్క అతనికంటే చాలా పెద్దది. అమ్మ పోయేనాటికి తమ్ముడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. తనేమో గుండీలు కుట్టే పనికి కుదిరింది. పెళ్ళి మాటెత్తినవాళ్ళతో, ముందు వీణ్ణి ఒక దారిలో పెట్టనివ్వండి అనేది. వీడు దారిలో పడేసరికి అడిగేవాళ్ళు మానేశారు. సరే, ఇతనికైనా చూద్దామంటే, ఇతను బాల్కనీలకు కటకటాలు అతికిస్తూ తల ఎత్తలేదు. అలా ఒకరిని చూపించి ఒకరు తప్పించుకుంటూ ఇద్దరూ పెద్దవాళ్ళయిపోయారు.

ఉంటున్న గదికి ఒకటే కిటికీ, దానికి ఎదురుగా పక్కింటి గోడ. ఇల్లు అమ్ముడైన నాటి నుంచి డాబా తలుపుకు తాళం పడింది. ఉతికిన బట్టలన్నీ మంచం మీదుగా కట్టిన దండెం మీదే ఆరాలి. ఆరడమంటే పేరుకే. తడి బట్టల కింద పడుకుని పడుకుని అక్కకు దగ్గు పట్టుకుంది. మందులు వాడారు. మందుకు దగ్గు తగ్గుతుంది కానీ గదిలోకి ఎండ రాదు కదా.

కిందటి వారం కటకటాలు పూర్తి చేయడానికి అతను పొట్టి బ్లాకును బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అక్క కళ్ళజోడు పెట్టుకుని, కొత్తగా కాపురానికి వచ్చిన మనిషిలా అన్ని వైపుల నుంచీ చూసింది. మనదేదంటే మూడో అంతస్తులో మూల ఇల్లు చూపించాడు. ఎండ ఏ వైపు నుంచి వస్తుందని అడిగింది. దీపం జరిపి చూపించాడు. అప్పుడు అడిగింది.

"ఒరేయ్, మరి దండెం ఏదిరా?"

నమూనాల్లో దండేలు పెట్టరని చెప్పాడు. ఆ వృత్తిలో అదొక నియమం. మనుషుల బొమ్మలు పెట్టొచ్చు, గొడుగు పట్టుకుని నడిచేవాళ్ళను పెట్టొచ్చు, కుక్కను కూడా పెట్టొచ్చు. ఉతికిన బట్టలు, నీళ్ళ డ్రమ్ములు, విరిగిన కుర్చీలు మాత్రం పెట్టకూడదు. ఇల్లు కనపడాలి, కాపురం కనపడకూడదు అని అతను చేరిన మొదటి రోజే వర్క్‌షాపు ఓనరు చెప్పాడు. అంగుళం ఆ మాట ఏనాడూ దాటలేదు.

"ఒక్క దండెం పెట్టుకుంటే ఎవరు చూస్తార్లేరా" అంది అక్క. అంటూనే గుండీల కత్తెర తీసి, తన నీలం పూల దుప్పటి మూల నుంచి గోరంత ముక్క కత్తిరించి ఇచ్చింది. అతను కాదనలేకపోయాడు. నిజం చెప్పాలంటే కాదనాలని అనిపించలేదు. మూడో అంతస్తు బాల్కనీలో ఆ చివరి నుంచి ఈ చివరికి దారం కట్టి, పట్టకారుతో ఆ ముక్కను దాని మీద వేశాడు. తన పాత రుమాలులోంచి ఒక చొక్కా కత్తిరించి పక్కన వేశాడు. ఆ రాత్రి అక్క పడుకునే ముందు కూడా ఒకసారి లేచి దాన్ని చూసింది.

తలుపులు తెరిచారు. జనం బల్ల చుట్టూ మూగారు. అందరూ ముందు తమ ఇల్లు ఎక్కడుందో వెతుక్కున్నారు, దొరికాక స్థిమితపడ్డారు. ఆ తర్వాత అభిప్రాయాలు మొదలయ్యాయి. ఒకాయన ఇప్పటికే కుళాయి దారంలా వస్తోందని, ఇంకా ఇంతమంది వస్తే ఏం తాగాలని అడిగాడు. అది అబద్ధం కాదు. కిరాణా కొట్టు అతను మాత్రం, బేరాలు పెరుగుతాయి, రానివ్వండి అన్నాడు. పిల్లవాణ్ణి చంకనేసుకున్న ఒకావిడ, అయిదు మేడలు లేస్తే తన అద్దె ఎంతకు పోతుందో ఎవరైనా చెప్పగలరా అంది. దగ్గర్లోని ఆస్పత్రిలో పనిచేసే నర్సు, రెండు బస్సులు మారి వస్తున్నానని, రాత్రి డ్యూటీ చేసి మళ్ళీ రెండు బస్సులు మారితే ఇంటికి చేరేది తాను కాదు, తన చెప్పులేనని చెప్పింది. జనం నవ్వారు. అధికారి కూడా నవ్వి తల ఊపాడు. ఆ ఊపు చూసి అంగుళానికి కాస్త ధైర్యం వచ్చింది.

అప్పుడు ఎదురు అపార్టుమెంట్ల సంఘం కార్యదర్శి లేచింది. బడిలో పెద్ద పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. గొంతు పెంచదు. తాను పేదవాళ్ళకు వ్యతిరేకిని కానని, తన ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా ఒక ఇల్లు దొరికితే సంతోషిస్తానని అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. మాట్లాడుతూ బల్ల చుట్టూ నడిచి పొట్టి బ్లాకు దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి, దాని కొమ్మతో మూడో అంతస్తు చూపించింది.

"చూడండి, ఇల్లు కట్టకముందే దండెం కట్టారు. రేపు మా కిటికీలు తెరిస్తే కనపడేది ఇదే."

అందరూ వంగారు. అంతవరకూ ఆ బ్లాకును పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడు ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. ఫోన్లలో ఫొటోలు తీస్తున్నారు. నీళ్ళ సంగతి మాట్లాడిన ఆయన, ఆ బట్టలు ఉతకడానికి నీళ్ళు ఎవరి కుళాయిలోంచి వస్తాయని అడిగాడు. కిరాణా కొట్టు అతను వెనక వరసలోకి జరిగాడు. బట్టలు మీరు ఉతుక్కోరా అని నర్సు అడిగింది. తమ బాల్కనీల్లో ఆరేయకూడదని తాము నియమం పెట్టుకున్నామని కార్యదర్శి నెమ్మదిగా జవాబిచ్చింది. అధికారి తల ఊపాడు. ఇందాక నర్సుకు ఊపినట్టే ఊపాడు.

కంపెనీ మేనేజరు మొహం మాడిపోయింది. ఎవరు పెట్టారిది అన్నాడు. ఓనరు అంగుళం వైపు చూశాడు.

"నేనేనండీ" అన్నాడు అంగుళం. ఇంకేదో చెప్పాలి. ఎండ గురించి, తాళం వేసిన డాబా గురించి, దగ్గు గురించి. గొంతులోంచి ఇంతే వచ్చింది. "అది మా అక్క దుప్పటండీ."

హాలంతా గొల్లుమంది. చెడ్డ నవ్వేం కాదు, ముచ్చటపడే నవ్వే. కార్యదర్శి చెయ్యెత్తి ఆపింది. ఆయన్ను ఏమీ అనకండి, మిగతావాళ్ళు దాచేదాన్ని దాచకుండా ఉన్నదున్నట్టు చూపించాడు, మెచ్చుకోవాలి అంది. అంగుళం వైపు తిరిగి థాంక్సు కూడా చెప్పింది. ఇన్నేళ్ళ పనిలో నలుగురి ముందు అతన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

అధికారి ఎక్కువసేపు తీసుకోలేదు. తక్కువ అద్దె ఇళ్ళు అవసరమేనని, అందులో రెండో మాట లేదని అన్నాడు. వాటికి ఊరి బయట అనువైన చోటు తర్వాత చూద్దామని, ఈ మూలను పార్కుగా ఉంచుదామని అన్నాడు. చప్పట్లు పడ్డాయి. నర్సు చేతిసంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది, ఆమెకు డ్యూటీ వేళయింది. మధ్యాహ్నం ఇంకా పెద్దవాళ్ళు చూడటానికి వస్తున్నారు, ఈలోగా సరిచేయమని మేనేజరు చెప్పాడు.

సరిచేయడమంటే అంగుళమే చేయాలి. బ్లాకు కింద బ్లేడు దూర్చాడు. ఊడి రాలేదు. మామూలుగా ఒక పూత గమ్ వేసేవాడు దీనికి రెండు పూతలు వేశాడు. బ్లేడును అటూ ఇటూ కదిపి, అరచేతిలో పట్టి పైకి లాగితే, కింద నేల రంగు పెచ్చులతో సహా వచ్చింది. దాన్ని బల్ల కింద పెట్టాడు. దండేన్ని మాత్రం పట్టకారుతో తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత సంచీలోంచి చెట్లు తీసి ఆ మూలంతా నాటాడు. నడుమ ఒక బెంచీ కూడా పెట్టాడు. పార్కు చాలా బాగా కుదిరింది. అందుకే అతనికి మరీ కష్టమనిపించింది. చేతులకు సిగ్గుండదు, ఏ పని చెప్పినా బాగానే చేసి పెడతాయి. ఓనరు తిట్టలేదు. రేపు మాట్లాడదాం అని మాత్రం అన్నాడు.

సాయంత్రం సందు మొగలో వ్యాను కనపడింది. అంగుళం మెట్లెక్కాడు. చెల్లెలి మొగుడు కుర్చీలో టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. మంచం మీద అక్క మూట కట్టి ఉంది, పక్కనే గుండీల డబ్బా. మంచం పైన దండెం మీద నీలం పూల దుప్పటి. మంచి కబురు వస్తుందనుకుందో ఏమో, కాసేపటి క్రితమే ఉతికినట్టుంది.

"చూశారట్రా?" అంది అక్క.

"అందరూ చూశారక్కా."

"దండెం కూడా?"

"దాన్నే చూశారు."

ఆమె అతని మొహం వంక చూసింది. ఆ మొహాన్ని చదవడం ఆమెకు అతను గుండీలు పెట్టుకోలేని నాటి నుంచి అలవాటు. అంగుళం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా వల్లే పోయింది అన్నాడు. ఇంకా ఏదో అనబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"కత్తిరించి ఇచ్చింది నేనే కదరా."

చెల్లెలి మొగుడు గ్లాసు కింద పెట్టి మూట ఎత్తుకున్నాడు. అక్క మెట్ల మలుపు దగ్గర ఒకసారి కూర్చుని దగ్గి, మళ్ళీ లేచింది. అంగుళం మోచేయి పట్టుకుని దింపాడు. వ్యాను ఎక్కేముందు ఆమె అతని చొక్కా పై గుండీ పెట్టి ఉందో లేదో చూసి, లేకపోయేసరికి తనే పెట్టింది. బియ్యం ఎక్కడున్నాయో, దీపం వత్తి ఎప్పుడు మార్చాలో చెప్పింది. తిండి వేళకు తినమని, గమ్ తొక్కలు కంచంలో వేసుకోవద్దని చెప్పింది. తలుపు వేశాక అద్దం దించింది.

"దుప్పటి ఆరలేదు. ఆరాక పంపిద్దువుగాని" అంది. మళ్ళీ తనే, "వద్దులే, నువ్వే కప్పుకో" అంది.

వ్యాను సందు తిరిగే దాకా అతను అక్కడే ఉన్నాడు. పైకి వచ్చి తలుపు వేసుకున్నాడు. మంచం తడవకుండా కొంచెం జరిపి, దండెం కింద గిన్నె పెట్టాడు. కుర్చీ లాక్కుని కూర్చుని అలవాటు కొద్దీ వేళ్ళ మీది గమ్ ఒలవసాగాడు. నీలం పూల దుప్పటి నుంచి గిన్నెలోకి ఒక్కొక్క చుక్కా పడుతోంది. దాని కింది మూలలో, చీకటి పడుతున్నా తెలిసేటంతగా, గోరంత చిల్లు.