పటంలో లేని కంచె

హౌక్ గారు అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మా ఊరికి వచ్చి నా పూటకూళ్ళ ఇంట్లో దిగాడు. పైనుంచి ఎగిరే పక్షికి కనబడినట్టు ఊరంతా గీసి, అచ్చు వేయించి అమ్మడం ఆయన వృత్తి. పక్షిలా చూడాలంటే ముందు మనిషిలా నడవాలి కదా. వీధివీధీ తిరిగి ప్రతి ఇంటి కిటికీలూ గుమ్మాలూ గీసుకుని, సాయంత్రానికి బురద బూట్లతో నా వరండా పాడుచేసేవాడు.

పటంలో తమ ఇల్లు బాగా పడాలని ఊళ్ళో అందరికీ ఆరాటమే. పెక్ అక్కచెల్లెళ్ళకు మరీనూ. అక్క థర్జా, చెల్లెలు లవీనియా పక్కపక్క ఇళ్ళలోనే ఉంటారు. పెళ్ళినాడు అక్క పెట్టుకున్న టోపీ చూసి చెల్లెలు నవ్విందట. దాంతో మాటలు పోయి, మధ్యలో నిలువెత్తు కంచె లేచింది.

థర్జా ఆయనకి ఆపిల్ పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె పట్టుకొచ్చింది. "మా ఇల్లు కాస్త పెద్దదిగా వేయండి బాబూ. పక్కింటిది ఎలా ఉన్నా పర్లేదు."

మర్నాడు లవీనియా మాంసం సాసేజీలు తెచ్చింది. "ఆవిడగారి కప్పు మీద పాచి పట్టింది. అది కనబడేట్టు వేస్తారుగా?"

ఆయన ఇద్దరికీ తలూపి, రెండూ తిన్నాడు.

మిల్వాకీ నగరంలో అచ్చయి పటాలు వచ్చాయి. రెండిళ్ళూ ఒకే కొలత. పాచి లేదు. కంచే లేదు. ఇద్దరికీ ఒకటే పెరడు.

ఆ పూటే ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నా ముందుగదిలోకి దూసుకొచ్చారు.

"మా కంచె ఏదయ్యా?" అంది థర్జా.

"అంత పైనుంచి కంచెలేం కనబడతాయమ్మా?" అన్నాడాయన, కాఫీ కప్పు దించకుండానే.

"నేను దగ్గరుండి కట్టించిన కంచె అది."

"నువ్వు కట్టించావా?" లవీనియా అందుకుంది. "గుంజలు ఎవరివి మరి? మావి."

"అవునవును, ఆ పుచ్చినవి మీవే."

"పుచ్చినవా? గట్టి ఓక్ కర్ర గుంజలక్కా అవి..."

మాటలు పోయాక మొదటిసారి నోట అక్కా అని వచ్చేసరికి లవీనియా నాలుక కరుచుకుంది. థర్జా కుర్చీ లాక్కుని కూర్చుంది. నాకేం తోచక ఇద్దరికీ సూప్ పోశాను. తిన్నంతసేపూ గుంజల మీదే వాదించుకున్నారు. ఇదే అదనని హౌక్ గారు పెట్టె సర్దుకుని రైలెక్కాడు.

అయినా కంచె పీకలేదు. ఆ చలికాలం మంచు ముదిరి కట్టెలు అయిపోతే థర్జాయే గొడ్డలితో దాన్ని కొట్టి పొయ్యిలో పెట్టింది. నేను థర్జాకి రొట్టె ఇవ్వడానికి వెళ్ళేసరికి లవీనియా శాలువా కప్పుకుని ఆ పొయ్యి ముందే కూర్చుని ఉంది.

"గుంజలు నావి. నా వంతు మంట నేను కాచుకుంటున్నా" అంది నాతో.

"కాచుకో, ఎవరొద్దన్నారు?" అంది థర్జా. "ఆ కాళ్ళు కాస్త అటు జరుపు."