శెట్టి చూపిన గట్టురాయి

కరోనా కట్టడి వల్ల కోడుమూరు అంగడి వీధి మధ్యాహ్నానికే మూతపడుతున్న రోజులవి. రోహిణి కార్తెలో కురిసిన తొలివానకు పుల్లయ్య దుక్కి సిద్ధం చేశాడు. మలివానకు విత్తనం పడాలి. కాని ఇంట్లో వేరుశనగ గింజ లేదు. లారీలు ఆగిపోయి, అమ్ముకోవలసిన ఉల్లిగడ్డ కల్లంలోనే కుళ్లింది. ఇక ఆధారం సర్కారు రైతులకిచ్చే సాయమొక్కటే. పుల్లయ్యలా గుత్తకు, అంటే కౌలుకు, చేసేవారికీ అది వస్తుంది. అయితే సాగుపత్రం మీద భూస్వామి సంతకం ఉండాలి. గడువు ఆ సాయంత్రంతో సరి.

భూస్వామి వెంకటరమణయ్య శెట్టి బట్టల వ్యాపారి, నిత్యం సహస్రనామ పారాయణ చేసే సాత్వికుడు. భూమి మాట వచ్చిందా, ఆయనది పిట్టగుండె.

"పదకొండు నెలల కాయితమే గద శెట్టీ," అన్నాడు పుల్లయ్య, శెట్టి ఇంటి వసారాలో నిలబడి మూతికి కట్టిన తువ్వాలు సవరించుకుంటూ.

"మూడడుగులే గదా అని ధారపోసినోడు యాడికి పోయినాడో నాకు తెలుసులేప్పా!"

పుల్లయ్య నవ్వాడు. "ఆ సామి ఇచ్చినోడి నెత్తిన కాలు పెట్టినాడు. నేను ఇరవై ఏండ్లుగా నీ మన్ను నా నెత్తిన మోస్తాండా. ఎవురి కాలు ఎవురి నెత్తిన ఉండాది?"

లోపల శెట్టి భార్య సుందరలక్ష్మి కిసుక్కున నవ్వింది. "అంగడి ఎట్లాగూ మూసే ఉండాది. మామ పోయినంక మీరు చేను మొగం చూడలేదు. ఒకసారి పోయి రాండి."

పుల్లయ్యకు కావలసిందీ అదే. ఆ నేల మీద శెట్టి పాదం పడితే చాలు, వాదం అక్కరలేదని అతని నమ్మకం.

చేని దగ్గర శెట్టి స్కూటరు దిగగానే పుల్లయ్య అడిగాడు. "నీ చేను యాడిదాకా ఉండాదో చూపీ శెట్టీ."

శెట్టి ధీమాగా వేలు చాపాడు. "అదుగో, సున్నం కొట్టి పసుపు పూసిన రాయి. మా నాయన నాటించిన గట్టురాయి."

పుల్లయ్య పొట్ట పట్టుకొని నవ్వాడు. "అది నా పెండ్లాం రామసుబ్బమ్మ పూజ చేసే పొలం తల్లి! నీ గట్టు ఆ తుమ్మచెట్టు అవతల ఉండాది. ఒక్క వేలితో ఎకరం పక్కోడికి దానమిస్తివే మారాజా!"

శెట్టి ముఖం పాలిపోయింది. గబగబా తుమ్మచెట్టు దాటాడు. అసలు గట్టురాయి చుట్టూ ముళ్లకంప నాటి ఉంది. పక్క చేని ట్రాక్టరు చాళ్లు ఆ కంప దాకా వచ్చి, చటుక్కున వంపు తిరిగాయి. రాతి మీద తండ్రి పేరులోని తొలి అక్షరాన్ని శెట్టి వేలితో తడిమాడు.

"ఏటా వాడు ఒక చాలు లోపలికొస్తాడు, ఏటా నేను తిట్టి తరుముతాండా," అన్నాడు పుల్లయ్య. "నీ భూమి పోవల్లంటే కాయితం యాల శెట్టీ? నేను నోరు మూసుకుంటే చాలు గదా!"

శెట్టి చెప్పులు విడిచి, రాతికి చేతులు జోడించాడు. ఆ తర్వాత అడిగాడు, "కాయితం యాడప్పా?"

పుల్లయ్య జేబులో నుంచి కాగితమూ, దానితోపాటు పెన్నూ బయటికి వచ్చాయి.

"పెన్ను గూడా తెచ్చుకున్నావే! నేను పెడతానని ముందే తెలుసునా?"

"పంట వస్తాదో రాదో తెలిసినాకనే దున్నుతామా శెట్టీ?"

గట్టురాయినే బల్లగా చేసుకొని శెట్టి సంతకం పెట్టాడు. సిరా ఆరీ ఆరకముందే పుల్లయ్య కాగితం మడిచి, స్కూటరు వెనుక ఎక్కి కూర్చున్నాడు.

"పోనీ శెట్టీ, ఆఫీసు మూసేస్తారు!"