థోరా తుపాకీ, కూలని పొట్టేలు

మా ఆవిడ థోరాకి వాళ్ల నాన్న ఇచ్చిపోయిన ఆస్తులు రెండే. ఒకటి మొండితనం, రెండోది మీట కిందికి లాగి పైకి తోసి పేల్చే పాతకాలపు తుపాకీ. మొదటిదానితో నేను కాపురం చేస్తున్నాను. రెండోదాని జోలికి వచ్చినవాడు ఆమె అన్నయ్య ఐవర్. మా లోయలో తుపాకులు బాగుచేసేది ఆయనే.

“చెల్లీ, ఆ గొట్టం లోపలంతా తుప్పు తినేసింది. చచ్చినోడికి వైద్యమేంటే, పాతిపెట్టక! తీసేసి కొత్తది బిగిస్తా.”

“గొట్టం తీసేస్తే అదింక నాన్న తుపాకీ ఎట్లా అవుతుంది అన్నయ్యా? నీ తుపాకీ అవుతుంది.”

చివరికి పందెం వేసుకున్నారు. వసంతంలో జరిగే తుపాకీ పోటీలో, దూరాన గురిగా నిలబెట్టే ఇనప పొట్టేళ్లలో ఒక్కదాన్నైనా పడగొడితే పాత గొట్టం ఉంటుంది. లేకపోతే తుపాకీ ఐవర్ కొట్టుకి వెళ్తుంది. మా పోటీలో తూటా తగిలితే చాలదు, పొట్టేలు కూలాలి.

చలికాలమంతా మా వెనక వసారాలో సీసం కరిగింది. సీసం ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని మా మొంటానా కొండల్లో ప్రతివాడూ చెప్తాడు, నేనూ చెప్పాను. ఆ మాట నమ్మి అచ్చుపోసిన తూటాలు గాల్లో పల్టీలు కొట్టి కాగితం మీద అడ్డంగా చిల్లులు పెట్టాయి. గొట్టం నిండా సీసం అంటుకుంది, తోమలేక నా భుజాలు పడిపోయాయి.

“ఇంక ఓటమి ఒప్పేసుకోవే,” అన్నాను.

“నువ్వు తోము. ఆలోచించేది నేను చూసుకుంటా.”

మర్నాడు మెత్తటి సీసం ముద్ద ఒకటి గొట్టంలో పెట్టి, కర్రతో కొట్టి అటువైపు తీసింది. కొలిస్తే మా తూటాలకన్నా లావుగా ఉంది. బక్క తూటా, పైగా గట్టిది. అరిగిన గొట్టంలో తూటాని గిర్రున తిప్పే మెలికల గాడిని పట్టుకోలేక జారిపోతోందన్నమాట. థోరా అచ్చుని లోపల అరగదీసి వెడల్పు చేసింది. పాత నీళ్లగొట్టాల మెత్తటి సీసం కరిగించి పోసింది. గొట్టానికి సీసం అంటకుండా తేనెమైనం, కొవ్వు కలిపి తూటాలకి పూసింది. ఆ బొద్దు తూటాలు వెళ్లి కాగితం మీద గుండ్రంగా, పక్కపక్కనే దిగాయి. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమెని అంత గర్వంగా ఎప్పుడూ చూడలేదు నేను.

పోటీలో పేల్చేవాళ్ల పక్కన దుర్భిణీ పట్టుకుని, తూటా ఎక్కడ పడిందో చెప్పే మనిషి ఒకరుండాలి. థోరాకి ఎప్పుడూ ఐవరే. ఆమె ఓడితే గెలిచేది ఆయనే. అయినా ఆయన్ని మార్చమని ఆమె అనలేదు, తప్పుకుంటానని ఆయనా అనలేదు.

మొదటి తూటాలు పొట్టేళ్ల కాళ్ల ముందు దుమ్ము లేపాయి. తర్వాతది ఖంగుమంది. పొట్టేలు కదల్లేదు. ఆమె వంతుకి ఇంక ఒక్క తూటాయే మిగిలింది.

ఐవర్ దుర్భిణీలోంచి కళ్లు తియ్యలేదు. దాని చక్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“కాలికి తగిలింది,” అన్నాడు చివరికి. “కాలికి తగిలితే అది పడదే. వీపు మీద గురి పట్టు. ఇంకొంచెం పైకి. గాలి తగ్గనీ... ఊఁ, ఇప్పుడు.”

పేలింది. బరువు తూటా కదా, తాపీగా వెళ్తుంది. చప్పుడు వెనక్కి వచ్చేలోపు నేను దేవుణ్ని తలుచుకున్నాను. పొట్టేలు వెనక్కి వాలింది, కాసేపు ఆలోచించింది, దబ్బున కూలింది.

“పడింది,” అన్నాడు ఐవర్. “నాకోసారి ఇస్తావా?”

థోరా సంచిలోంచి ఒక తూటా తీసి పెట్టి తుపాకీ అందించింది. వాళ్ల నాన్న చెంప ఆనిన చోట ఐవర్ తన చెంప ఆనించి, చాలాసేపు అలాగే ఉండి పేల్చాడు. దుమ్ము ఎక్కడో కొండ మీద లేచింది.

“పొట్టేళ్లు అటు లేవు బావా,” అన్నాను.

“గొట్టానికేం, బంగారంలా ఉంది,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “అరిగిపోయింది నేనే.”

థోరా ఇంకో తూటా ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.