దిగిన

మధ్యాహ్నం మూడు దాటినా తొట్టి పక్కన సీసాల గుట్ట తరగలేదు. నవనీత ఒక్కో సీసా మెడ పట్టుకుని, లోపల బ్రష్ తిప్పి, సోడా నీళ్లలో ముంచి, మంచినీళ్లలో జాడించి బోర్లిస్తోంది. సోడాకు వేళ్ల సందులు పగిలి మండుతున్నాయి. రోజుకు మూడు వందల కూలి. సీసా పగిలితే అందులోనే కోత. సిద్దిపేట నుంచి చిన్నకోడూరు పోయే రోడ్డు మీద గజేందర్ కల్లు దుకాణం అది. ముందు వైపు తాగేవాళ్లు, వెనక వైపు కడిగేవాళ్లు.

తొట్టి గట్టు మీద పాలిథిన్ సంచిలో చుట్టిపెట్టిన ఆమె ఫోన్ ఉండుండి పలుకుతోంది.

"ఎక్కుతున్న," అంది చిన్నకోడూరు నుంచి ఒక గొంతు.

"దిగిన," అంది కోహెడ వైపు నుంచి ఇంకొకటి.

పంపిన గొంతు దానంతటదే పలికే 'ముచ్చట' అనే చాటింగ్ నెట్‌వర్క్‌లో పెట్టిన గ్రూపు అది. ఆ రెండు మాటలు తప్ప అందులో మూడో మాట ఉండదు. దేవుళ్ల ఫొటోలు లేవు, శుభోదయాలు లేవు, నాయకుల పుట్టినరోజులు అసలే లేవు. కల్లు గీసే గీత కార్మికుడు తాళ్లలోకి, అంటే తాటిచెట్ల తోపులోకి పోయి మొదటి చెట్టు ఎక్కేముందు 'ఎక్కుతున్న' అనాలి. చివరి చెట్టు దిగాక 'దిగిన' అనాలి. ఎక్కినవాడు ఎంతసేపటికీ దిగిన అనకపోతే దగ్గర్లో ఉన్నవాళ్లు ఉరికి చూడాలి. అంతే. ఈ కొద్దిపాటి కట్టుబాటుతోనే ఇద్దరు చెట్టు మీంచి పడి కూడా బతికారు.

"ఎక్కుతున్న బిడ్డా," అంది ఫోన్, దగ్గుతూ.

నవనీత ముఖం కాస్త విచ్చుకుంది. అందరూ ఒక్క మాటే అంటారు. సిద్ధయ్య ఒక్కడే 'బిడ్డా' అని ఇంకో మాట కలుపుతాడు. వినేది ఎవరో ఆ ముసలాయన మరచిపోడు.

"గీ వయసుల తాడెక్కుడేంది ఆయనకు," అంది ఎదురుగా కూర్చుని కడుగుతున్న కొండవ్వ.

"ఎక్కకపోతే తిండెట్ల అవ్వా?"

నవనీత భర్త నరేశ్‌ది కూడా అదే పని. రెండేళ్ల కింద ఒక పొద్దున చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే మోకు తెగి పడ్డాడు. చెట్టు మొదట్లో అలాగే పడి ఉన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చాక గొర్లు కాసేవాళ్లు చూశారు. దవాఖానలో డాక్టరు ఆమె వైపు చూడకుండా, కొంచెం ముందు తెస్తే బతికేవాడని చెప్పాడు. ఆ 'కొంచెం ముందు' అనే మాట ఆమెను నిద్రపోనివ్వలేదు. దినాలు కాగానే నరేశ్ స్నేహితుల ఇళ్లకు పోయి, గ్రూపు సంగతి చెప్పి, ఒక్కొక్కరి ఫోన్లో తనే పెట్టించింది. ఊరికి ఊరు తోడై కోహెడ దాకా పాకింది.

పెద్దమనుషులు ఒప్పుకున్నారు గాని ఒక షరతు పెట్టారు. మొగుడు పోయిన ఆడమనిషి ఎదురొస్తేనే మోకు తీసి ఇంట్లో పెట్టే కులం. అలాంటిది ఆమె గొంతు విని తాడెక్కుతారా? "గ్రూపు పెట్టుకో, నువ్వు మాత్రం అండ్ల మాట్లాడకు" అన్నారు. నవనీత సరేనంది. మనుషులు బతికితే చాలనుకుంది. ఎవరైనా దిగడం ఆలస్యమైతే వాళ్ల పక్కింటి ఆడవాళ్లకు చాటుగా ఫోన్ చేసి చెప్పేది. తను పుట్టించిన గ్రూపులో ఆమె గొంతు ఒక్కసారి కూడా వినపడలేదు.

గ్రూపు పెద్దదయ్యేసరికి నెట్‌వర్క్ వాళ్ల నుంచి కబురొచ్చింది. ఇన్ని ఊళ్లకు పాకిన గ్రూపును సామాజిక ప్రాజెక్టుగా నమోదు చేయించుకోవాలి, లేదంటే మూసేస్తాం అని. పోయిన వారం అన్నం తినే వేళలో, ఈ తొట్టి దగ్గరే కూర్చుని నవనీత నమోదుకు దిగింది. ప్రాజెక్టు పేరు అడిగితే 'దిగిన' అని రాసింది. ఏం పని చేస్తుందని అడిగితే, మనుషులు ఇంటికొచ్చేదాకా చూస్తది అని రాసింది. ఆ తరువాత ఒక ప్రశ్న వచ్చింది.

'ఈ సమూహం తరఫున మాట్లాడే అధికారం మీకు ఉందా?'

కింద రెండు గళ్లు. ఉంది. లేదు.

ఆమె చాలాసేపు చూసింది. అధికారం అంటే ఆమెకు తెలిసినంతలో తెల్ల అంగీ, కండువా, ముందో కారు. అదీగాక మాట్లాడటమా? మాట్లాడొద్దన్న షరతు మీదే కదా ఈ గ్రూపు నడుస్తున్నది! అబద్ధమాడితే ఎక్కడ మూసేస్తారోనని భయపడి, ఉన్నది ఉన్నట్టు 'లేదు' ఒత్తింది. యంత్రానికి ఇవన్నీ ఏం తెలుసు? 'మరి ఎవరికి ఉంది?' అని అడిగింది. గీత కార్మికుల సంఘం అధ్యక్షుడు గజేందర్ కనుక అతని పేరు, నంబరు కొట్టి, చెయ్యి కడుక్కుని మళ్లీ సీసా అందుకుంది. ఎంత తప్పు చేసిందో వారం తరువాత, ఈ రోజు తెలిసింది.

పొద్దు పడమటికి వాలాక, "నవనీతా, జెర లోపలికి రా," అని గజేందర్ పిలుపు.

"ఎదురు మాట్లాడకు బిడ్డా," అంది కొండవ్వ గొంతు తగ్గించి. "నరేశ్ పరిహారం కాయితం మీద ఆయన సంతకమే గావాలె. యాదుంచుకో."

మరిచిపోయే సంగతా అది? ఏడాదిన్నరగా గజేందర్ రేపు రేపు అంటూనే ఉన్నాడు. నవనీత కొంగుకు చేతులు తుడుచుకుని, ఫోన్ తీసుకుని అతని గదిలోకి వెళ్లింది.

గజేందర్ నవ్వుతూ ఉన్నాడు. అతను నవ్వుతున్నాడంటే ఎవరికో మూడిందని పనివాళ్లకు తెలుసు.

"ఏం చెల్లె, నా పేరు రాసి నాకు ఒక్క ముక్క చెప్పకపోతివి. గా నెట్‌వర్కోళ్లు చెప్తే గాని నాకు తెల్వదు. నేను ఒప్పుకున్న. ఇగ పెట్టినామె ఒప్పుకోవాల్నట. నీ ఫోన్ల వచ్చి ఉంటది, అవును అని ఒత్తు. గియ్యాల్నే ఆఖరు."

ఫోన్‌లో నిజంగానే వచ్చి ఉంది. 'ఈ ప్రాజెక్టును గజేందర్ గారికి అప్పగిస్తున్నారా?'

"అన్నా, గ్రూపు గిట్లనే నడుస్తది గదా? ఎక్కుతున్న, దిగిన..."

"ఎందుకు నడువది! ఇంకా మంచిగ నడుస్తది. ఎవలు ఏ తాడెక్కిన్రు, ఎన్ని లొట్ల కల్లు దించిన్రు, అన్నీ అండ్లనే చెప్పాలె. నా దుకాణంల పొయ్యకుంట రోడ్డు మీద అమ్ముకునేటోళ్లు ఎవలో అప్పుడు దొరుకుతరు." కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదలు ఆ సిద్ధయ్యను తీసెయ్యాలె. హుస్నాబాద్ రోడ్డుకు లొట్టి పెట్టుకొని కూసుంటుండు ముసలోడు."

నవనీత చూపు ఫోన్ మీదికి పోయింది. సిద్ధయ్య 'దిగిన' అన్నాడా? వేలితో గ్రూపును పైకి జరిపింది. అతని తరువాత ఎక్కినవాళ్లందరూ దిగారు. సిద్ధయ్యది ఎక్కుతున్న ఒక్కటే ఉంది.

"సిద్ధయ్య మామ ఇంక దిగలే అన్నా."

"దిగుతడు తియ్. ఒత్తు."

"తీసేసినంక ఆయన పడితే ఎవలు చూస్తరు?"

"ఆని ఖర్మ," అన్నాడు గజేందర్. "సంఘం మాట ఇననోడు ఎట్లన్న పోనీ, నీకెందుకు? నువ్వేమన్న అధ్యక్షురాలివా? అధికారం లేదని నువ్వే ఒత్తినవ్ గద."

అతను ఎగతాళికే అన్నాడు. ఆ మాట మాత్రం ఆమెకు ఎక్కడో తగలవలసిన చోట తగిలింది. చెట్టు మొదట్లో ఎండలో పడి ఉన్న నరేశ్ గుర్తొచ్చాడు. ఆ పొద్దున నరేశ్ ఏ అధ్యక్షుడి మాట విన్నాడు, ఏ అధ్యక్షుడు వచ్చి చూశాడు? ఇద్దరు పడి బతికినప్పుడు ఇంటింటికీ ఫోన్ చేసింది ఎవరు? భయం పోలేదు. భయం పక్కనే కోపం వచ్చి నిలబడింది.

ఆమె 'కాదు' ఒత్తింది.

ఫోన్ మళ్లీ పాత ప్రశ్నే అడిగింది. ఈ సమూహం తరఫున మాట్లాడే అధికారం మీకు ఉందా? పగిలిన వేలు తెర మీద సరిగా పనిచేయలేదు. కొంగుతో తుడిచి మళ్లీ ఒత్తింది. ఉంది. పేరు అడిగింది. నవనీత అని కొట్టింది.

"ఏం ఒత్తినవ్?" గజేందర్ లేచాడు. "ఏం ఒత్తినవే?"

"నా పేరు రాసిన అన్నా."

"రేపటి నుంచి పనికి రాకు. సంతకం సంగతి ఇగ మర్సిపో. మొగన్ని మింగినదాని పేరు మీద నడిచే దాంట్ల ఎవడుంటడో నేను సుత చూస్త!"

ఆ మాట ఇంతకుముందు చాటుగా అనగా విన్నది. ముఖం మీద అనగా వినడం మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆమె ఆగలేదు. గది దాటి, తొట్టి దాటి రోడ్డు మీదికి నడిచింది. కొండవ్వ సీసా చేతిలో పట్టుకుని లేచి నిలబడింది. నవనీత సిద్ధయ్య వైపు ఆడవాళ్లకు ఫోన్ చేసింది. ఒకరు ఎత్తలేదు. ఇంకొకరు కూలికి దూరం పోయారు. చాటుగా చెప్పే దారులన్నీ అయిపోయాయి.

నవనీత గ్రూపు తెరిచి మైకు గుర్తు మీద వేలు పెట్టింది.

"సిద్ధయ్య మామా, దిగినవా? నేను నవనీతను. మామ దగ్గర్ల ఎవలన్న ఉంటే జెర ఉరుకున్రి."

అన్ని ఊళ్లూ విన్నాయి. తరువాత ఎవరో, "ఎవలది గా గొంతు?" అన్నారు. ఇంకెవరో, "గ్రూపుల ఆడిదేంది?" అన్నారు. మూడో గొంతు వయసులో చిన్నది. "నేను దగ్గర్నే ఉన్న వదినె, పోతున్న," అంది, ఉరుకుతున్న రొప్పుతో.

అంతలో సిద్ధయ్య నంబరు నుంచి ఒక రికార్డింగు వచ్చింది. నవనీత రోడ్డు పక్కన ఆగి, ఫోన్ చెవికి గట్టిగా ఆనించింది. అందులో దిగిన లేదు, బిడ్డా లేదు. గాలికి ఎండు తాటాకులు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే ఉంది.

"ఇంటున్న మామా," అంది గ్రూపులో, అందరూ వినేటట్టు. "ఇంటున్న. మాట్లాడు."

అంటూనే సిద్ధయ్య వైపు పోయే ఆటోకు చెయ్యెత్తింది.