ఏ ఇంటి రక్తమని?

“ప్రీతి గ్లాసు వీటిల ఎందుకు కలిపినవే? ఎన్నిసార్లు చెప్పాలె?” స్టీలు గ్లాసును వేరే గూట్లో పెడుతూ కోడలిని గదిమింది మంగ.

“అంటుకునే రోగం కాదని డాక్టరమ్మ చెప్పింది గదా అత్తమ్మా!” అంది శైలజ.

“డాక్టర్లు సవాలక్ష చెప్తరు.”

మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే విశ్వేశ్వర్ ఇంట్లో ఈ గొడవ కొత్తది కాదు. మనవరాలు ప్రీతికి రక్త క్యాన్సర్ అని తేలిన నాటి నుంచి మంగకు అందరి మీదా అనుమానమే. మనవడు శ్రీనాథ్ మోకాలి మీద నల్లగా కమిలితే, ఆటలో తగిలిందని వాడు మొత్తుకున్నా నమ్మదు. పక్కింటి కమలమ్మ “పాప ఎట్లున్నది?” అని పలకరిస్తే, కూపీ లాగుతోందనుకుంటుంది. అడిగినవాళ్లందరికీ కామెర్లని చెప్పింది. రోగం మాత్రం కోదాడ నుంచి, కోడలి పుట్టింటి రక్తంలోంచి వచ్చిందని ఆమె తీర్పు. ఇలాంటి తీర్పులు మన ఇళ్లలో ఎన్ని జరుగుతున్నాయో!

తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టింది. ఎముక మూలుగ మార్చాలనీ, అన్న శ్రీనాథ్ మూలుగ సరిపోతుందేమో చూడాలనీ డాక్టర్లన్నారు. మంగ అడ్డం తిరిగింది.

“పరీక్షల శ్రీనాథ్‌కు గూడ రోగమున్నదని తేలితే? రేపు వానికి పిల్లనెవరిస్తరు? వంశం పేరు ఖతం!”

ప్రీతి తండ్రి జితేందర్ తల్లి మాటకే తలొగ్గాడు. రోజులు గడుస్తున్నాయి. పాప వాడిపోతోంది.

చివరికి తన తీర్పు డాక్టరుతోనే అనిపించాలని మంగే భర్తను వెంటబెట్టుకుని, ప్రీతిని చూసే సూర్యాపేట డాక్టరు తారా దగ్గరికి వెళ్లింది.

“గిది కోదాడోళ్ల రక్తమే గదమ్మా?”

“ప్రీతి వాళ్ల కోదాడ అమ్మమ్మ మీకేమవుతుంది?”

“మా ఆయన చెల్లె. మేనరికమే...” అంది మంగ. మన పిల్లే మనింటికి రావాలని పట్టుబట్టి ఆ పెళ్లి చేసింది తానే.

“గా రక్తం మనింట్లకెల్లే పోయింది గదనే!” అన్నాడు విశ్వేశ్వర్.

డాక్టరు ఆయన వైపు తిరిగింది. “తప్పు మీ మీదికీ రాదండీ. ఈ ముప్పును కాస్త పెంచే చిన్న చిన్న మార్పులు ఎందరి జన్యువుల్లోనో ఉంటాయి. అమ్మ నుంచీ వస్తాయి, నాన్న నుంచీ వస్తాయి. కొన్ని జాతుల్లో కొన్ని ఎక్కువ, మరికొన్నింటిలో తక్కువ. మన జనంలో ఏవి ఎంతున్నాయో ఇంకా సరిగ్గా తెలియదు. అవి ఉన్నవాళ్లలో చాలామందికి జన్మలో ఈ జబ్బే రాదు. ఇక శ్రీనాథ్ పరీక్ష దోషం వెతకడానికి కాదమ్మా, చెల్లెలికి వాడి మూలుగ కుదురుతుందో లేదో చూడటానికి.”

తిరుగు దారంతా మంగ కిటికీలోంచి చూస్తూనే ఉంది. రోజూ తాను తిట్టిపోసింది తన మగని రక్తాన్నే. అంతకంటే, ఆ తిట్లలో పాపకు దక్కాల్సిన రోజులు కరిగిపోయాయి.

ఆ రాత్రి ప్రీతి లోపల పడుకుంది. అందరూ కంచాల ముందు కూర్చున్నారు. పప్పు వడ్డిస్తున్న శైలజ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది మంగ.

“రేపు శ్రీనాథ్‌ను పరీక్షకు నేనే తోల్కపోత. ఇగ ఎవలడిగినా ఉన్నదున్నట్టే చెప్త. వంశం పేరుకని దాస్తే రోగం పోదు, పిల్ల పోతది.”