గుండుసూదుల లెక్క

నా డబ్బాలో యాభై గుండుసూదులు ఉండాలి. ఆ శనివారం నలభై తొమ్మిదే ఉన్నాయి.

ఒక్క సూదికి ఇంత రాద్ధాంతమా అని మా ఆయన నవ్వాడు. ఆయనకేం, బతుకంతా రేడియోలు బాగుచేసి, బిగించేటప్పుడు రెండు మరలు మిగిలితే జేబులో వేసుకున్న మనిషి. నేను ముప్పై ఏళ్ళు కుట్టుషాపు నడిపాను. నాకు పని నేర్పిన టైలరమ్మ మొదటి రోజే ఈ అలవాటు చేసింది. శనివారం సాయంత్రం సూదులు లెక్కపెట్టాలి, లెక్క కుదిరేదాకా ఇంటికి వెళ్ళకూడదు. గౌనులో ఉండిపోయిన సూది ఎవరి ఒంట్లో దిగుతుందో చెప్పలేం కదా. ఆ మాట నేను తు చ తప్పకుండా పాటించాను. షాపు మూసేసి రెండేళ్ళయినా శనివారం లెక్క మాత్రం మానలేదు. చూడనక్కర్లేదు, వేళ్ళకే తెలుస్తుంది.

షాపు మూసేటప్పుడు ఇంటికి తెచ్చుకున్నది ఒక్క పెద్ద ఇనప్పెట్టె. దాని నిండా మిగిలిన గుడ్డముక్కలు, సగంలో ఆగిన పనులు. ఒక చెయ్యే కుట్టిన గౌను. అంచు మడవని స్కూలు లంగా. ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోయిన వాళ్ళ కిటికీ తెరలు. కొలతలిచ్చి మళ్ళీ మొహం చూపించని వాళ్ళవి ఎన్నో. పోయిన ఏడాది నుంచి వాటిని కత్తిరించి పసిపిల్లలకు బొంతలు కుడుతున్నాను. పైన ముక్కల అతుకు, మధ్యలో నలిగి మెత్తబడ్డ పాత దుప్పటి, కింద నూలుగుడ్డ. మూడు పొరలూ జరగకుండా గుండుసూదులు గుచ్చి, చేత్తో కుట్టుకుంటూ ఒక్కొక్క సూదీ తీసేయడం. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా నా బొంతే వెళ్తుంది.

ఇంతలో మా కోడలు కడుపుతో ఉందని తెలిసింది. వీధి వీధంతా నా బొంతల్లో పడుకుంటుంటే, నా మనవణ్ణో మనవరాలినో మొదట చుట్టేది నా బొంతలో కాకపోతే ఇక నేనెందుకు? ఆ మాట అందరి ముందూ అనేశాను. మా అబ్బాయి తలూపాడు. కోడలు మాత్రం నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కోడలు చెడ్డదని చెప్పను. పార్సిల్ ఆఫీసులో పని. అక్కడి అలవాటు ఇంటిక్కూడా తెచ్చింది. ఉప్పు డబ్బాకి చీటీ, పంచదార డబ్బాకి చీటీ, మందుల పెట్టెకి చీటీ. ఎక్కడిది, ఎప్పటిది, అన్నీ రాసి అతికిస్తుంది. "మామయ్యగారికి కూడా ఒకటి అతికించమ్మా, ఎప్పటివాడినో నేనే మర్చిపోయాను" అని మా ఆయన ఆటపట్టిస్తాడు. మనిషి నెమ్మది. ఆ నెమ్మదే నాకు అనుమానం. గట్టిగా మాట్లాడేవాళ్ళ మనసులో ఏముందో తెలుస్తుంది, నెమ్మదిగా ఉండేవాళ్ళ సంగతి ఎలా తెలుస్తుంది?

నలభై తొమ్మిది తేలిన మర్నాడు కోడలి వేలికి ప్లాస్టర్ కనిపించింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదత్తయ్యా, చిన్నగా గుచ్చుకుంది."

"ఏం గుచ్చుకుంది?"

"ఆఫీసులో... పార్సిల్ పిన్ను."

ఆ మధ్యలో నీళ్ళు నమలడం నేను కనిపెట్టాను. పార్సిళ్ళకి టేపు అంటిస్తారు కానీ పిన్నులు గుచ్చుతారా? డబ్బాలో సూది పోయింది, ఆవిడ వేలికి సూది గుచ్చుకుంది. రెండూ కలిపి చూసుకోలేనంత వెర్రిదాన్నా నేను?

తర్వాత శనివారం నలభై ఏడు. ఆ పై శనివారం నలభై ఆరు.

సూదుల సంగతి అలా ఉంచండి. ఎదురింటి పాపకి కుట్టిన బొంత ఇవ్వబోతూ అంచు తడిమి చూశాను. కుడి మూలలో జానెడు మేర కుట్టు నాది కాదు. నా కుట్టు బియ్యపు గింజంత, తిన్నగా పోతుంది. అక్కడిది కొంచెం పొడుగ్గా, ఎడమకి వాలి ఉంది. మా ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్క కోడలిదే. నేను కుట్టింది విప్పి, మళ్ళీ కుట్టింది. ఎంత ధైర్యం? నా చేతి పనికే వంకా? ఆమె తొడుక్కునే జాకెట్టుకి హుక్కు ఊడితే నా దగ్గరికే కదా వస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడే అడిగితే సర్దేసుకుంటుంది, చేతికి చిక్కాకే మాట్లాడాలని ఆగాను.

ఆ రోజు నుంచి కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాశాను. కళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నా కళ్ళకి ఏమీ కాలేదు. మా అబ్బాయి అంతకుముందు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండు కళ్ళలోనూ పొర వచ్చింది, ఆపరేషన్ చెయ్యాలి అని ఆయన ఒక చీటీ రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఆ చీటీ చింపేశాను. వారం రోజులు అబ్బాయితో మాట్లాడలేదు. సూదిలో దారం ఎక్కించగలిగే మనిషికి పొర ఏమిటి? ఎక్కించడానికి ఈమధ్య కొంచెం ఎక్కువసేపు పడుతుందనుకోండి. అది దారం నాణ్యత.

ఒక రోజు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వరండాలో మామాకోడళ్ళు గుసగుసలాడుతున్నారు. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ టక్కున ఆపేశారు.

"ఏమిటి సంగతి?" అన్నాను.

"వాన వచ్చేలా ఉంది" అన్నాడు మా ఆయన. బయట ఎండ మండిపోతోంది.

అదే వారంలో ఆయన పాత స్పీకరులోంచి పీకి దాచుకున్న గుండ్రటి అయస్కాంతం, ఎప్పుడూ పనిముట్ల పెట్టె మూతకి అంటుకుని ఉండేది, కనపడలేదు. అడిగితే "ఎక్కడో ఉంటుందిలేవే" అన్నాడు. ఒక మర పోతేనే ఇల్లంతా తిరగేసే మనిషి ఇంత తేలిగ్గా అనడమా? ఇంట్లో ఏదో జరుగుతోంది, అందరికీ తెలుసు, నాకే తెలియదు. నా ఇంట్లో నేనే పరాయిదాన్ని అయిపోయానని చెప్పలేనంత బాధ కలిగింది. బాధని బయటపెట్టడం నాకు చేతకాదు, అందుకని కారాలు మిరియాలు నూరుకుంటూ తిరిగాను.

అసలు కారణం తర్వాత దొరికిందనుకున్నాను. కోడలి బీరువా తలుపు తెరిచి ఉంటే షాపు సంచీ ఒకటి కనపడింది. అందులో గులాబీరంగు పసిపిల్లల దుప్పటి, ధర కాగితం కూడా తీయనిది. అదన్నమాట. ఎవరెవరో వదిలేసిన ముక్కల బొంత ఆవిడ బిడ్డకి పనికిరాదు. నా కుట్లు విప్పి, నా సూదులు మాయం చేసి, అత్తయ్యకి చేతకావడం లేదని నలుగురితో అనిపించాలి. అప్పుడు ఆ గులాబీ దుప్పటి బయటికొస్తుంది.

ఆ సాయంత్రం ఇక ఆగలేదు.

"నా సూదుల డబ్బా ఎవరు తీస్తున్నారు?"

"నేను ముట్టుకోలేదత్తయ్యా" అంది కోడలు.

"ముట్టుకోకుండానే నలభై మూడు అయ్యాయా?"

ఆమె ఏదో చెప్పబోయి మా ఆయన వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఆమె "టీ పెడతాను" అని లోపలికి వెళ్ళింది. నేరం ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను.

డబ్బా దిండు కిందికి మారింది. బిడ్డ కోసం బొంత మొదలుపెట్టాను. గదిలో తలుపు వేసుకుని కుట్టి, లేవగానే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేదాన్ని. తాళంచెవి నా మెడలో గొలుసుకి.

ఆ బొంత మధ్యలో పెట్టింది ఒక పసుపు ముక్క. మా అబ్బాయికి అయిదేళ్ళప్పుడు వాడే ఎంచుకున్న గుడ్డ. చొక్కాకి కత్తిరించాను కానీ కుట్టలేదు. ఈ వారం వాళ్ళ పెళ్ళి బట్టలు, వచ్చే వారం వీళ్ళ స్కూలు బట్టలు అంటూ ఉండగానే వాడు పెరిగిపోయాడు. "అమ్మా, నా పసుపు చొక్కా" అని రెండు నెలలు అడిగి, ఆ తర్వాత అడగడం మానేశాడు. మానేశాడని కూడా నేను గమనించలేదు. ఊరందరికీ కుట్టి కన్నకొడుక్కి కుట్టని తల్లిని నేను. ఆ తప్పు వాడి బిడ్డ దగ్గరైనా దిద్దుకోవాలనుకున్నాను.

కోడలికి నెలలు నిండుతున్నాయి. రోజూ ఏదో ఒక వంకతో వచ్చేది.

"అత్తయ్యా, ఆ బొంత ఒక్కసారి చూడొచ్చా?"

"బిడ్డతో పాటే చూద్దువుగాని."

"ఒక్క నిమిషం చాలు. ఒకసారి తడిమి ఇచ్చేస్తాను."

"తడమడానికి అదేమైనా పుచ్చకాయా?"

మా ఆయన కూడా వత్తాసు వచ్చాడు. "చూపించవే, ఆ పిల్ల అంతగా అడుగుతుంటే." ఇద్దరూ కలిసి అడిగేసరికి నా అనుమానం రూఢి అయింది. గొలుసు జాకెట్టు లోపలికి తోసుకున్నాను.

బొంత పూర్తయిన శనివారం లెక్కపెట్టాను. నలభై ఒకటి. డబ్బా నా తల కిందే ఉంది. తలుపు గడియ వేసే ఉంది. అయినా రెండు పోయాయి. ఇదెక్కడి దొంగతనం? ఆ రోజు నాకు మొదటిసారి కొంచెం భయం వేసింది. కానీ ఆ భయాన్ని కూడా కోడలి మీదికే తోసేశాను.

డాక్టరు చెప్పిన తేదీకి రెండు వారాల ముందే నొప్పులొచ్చాయి. మా అబ్బాయీ మా ఆయనా కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం. "అమ్మా, బీరువా కింది సొరుగులో బిడ్డ బట్టలున్నాయి, అవి తీసుకుని రా" అన్నాడు అబ్బాయి. వెనక నుంచి కోడలి గొంతు నీరసంగా వినిపించింది. "బొంత కూడా తెమ్మనండి. ముందు నాకు ఇమ్మనండి." ఈ స్థితిలో కూడా దాని ధ్యాసే.

ఇనప్పెట్టె తాళం తీసి బొంత సంచీలో పెట్టుకున్నాను. తర్వాత బీరువా సొరుగు లాగాను. చిన్న చొక్కాలు, టోపీలు, వాటి కింద ఒక బిస్కెట్ డబ్బా. ఎత్తితే బరువుగా అనిపించింది. మూత తీశాను.

నా గుండుసూదులు.

దొరికిపోయింది. మంచం మీద కూర్చుని, కసిగా, ఒక్కొక్కటే తీశాను. ఒక్కో సూదీ ఒక్కో చీటీకి గుచ్చి ఉంది. ఆవిడ చీటీలే. కిటికీ దగ్గరికి వెళ్ళి, కాగితం కంటికి ఆనించుకుని కూడబలుక్కుని చదివాను.

"పై వాటా బాబు బొంత. అంచు మడతలో. నా వేలికి గుచ్చుకుంది."

"ఎదురింటి పాప బొంత. కుడి మూల, లోపలి పొరలో."

"నర్సు గారి కవలల బొంత. రెండు దొరికాయి, ఇది మొదటిది."

డబ్బా అడుగున మా ఆయన అయస్కాంతం ఉంది.

మిగతా చీటీలు కూడా చదివాను. నా సూదులు ఎవరూ తియ్యలేదు. నేనే తియ్యలేదు. గుచ్చాను, కనపడక వదిలేశాను, పైన కుట్టుకుంటూ పోయాను. లెక్క తగ్గిన ప్రతి శనివారం బొంత వెతకాల్సింది పోయి మనుషుల్ని వెతికాను. ముప్పై ఏళ్ళ లెక్క దేనికో, అదే మర్చిపోయాను. ఆ పిల్ల నా వెనకాలే వచ్చి, ఒక్కో పసిబిడ్డ ఒంట్లో దిగకుండా ఒక్కో సూదీ తీసి, నా పరువు పోకుండా మళ్ళీ కుట్టి పెట్టింది.

చీటీలు లెక్కపెట్టాను. ఏడు. పోయినవి తొమ్మిది.

మిగతా రెండు ఎక్కడున్నాయో అప్పుడు తట్టింది. ఆమె చేతికి అందకుండా మెడలో తాళంచెవి వేసుకుని కాపాడిన బొంత సంచీలో ఉంది.

మంచం మీద పరిచాను. అయస్కాంతం చేతిలోకి తీసుకున్నాను. అంచుల వెంట తిప్పాను, ఏమీ లేదు. మూలల్లో ఏమీ లేదు. పసుపు ముక్క మీదికి వచ్చేసరికి గుడ్డ కొంచెం పైకి లేచింది. టక్కుమని చిన్న చప్పుడు. దానికి బెత్తెడు దూరంలో ఇంకొకటి. బిడ్డ తల పెట్టే చోటు. ఏడుస్తూనే కుట్టు విప్పి రెండూ తీశాను. తిరిగి కుట్టబోతే దారం సూదిలోకి వెళ్ళలేదు. ఆరుసార్లు ప్రయత్నించాను. ఈసారి దారాన్ని తిట్టలేకపోయాను.

ఆసుపత్రి గదిలో కోడలు దిండుకి ఆనుకుని ఉంది. పక్కన ఉయ్యాల తొట్టిలో పిడికెడు మనవరాలు. నేను బొంత తియ్యగానే కోడలి చెయ్యి ముందుకొచ్చింది, ఎడమ చెయ్యి, అంచు తడమడానికి. నన్ను చూసి ఆగిపోయింది.

"ఆపకు" అన్నాను. బిస్కెట్ డబ్బా ఆమె ఒళ్ళో పెట్టాను. "ఇందులో ఇప్పుడు తొమ్మిది ఉన్నాయి."

"మీకు చెబుదామనే దాచానత్తయ్యా. ధైర్యం చాల్లేదు. వారం రోజులు మీ అబ్బాయితో మాట్లాడటం మానేశారు కదా, నాతో కూడా మానేస్తారని..."

"నువ్వు దొంగవనుకున్నాను" అన్నాను. అయస్కాంతం ఆమె చేతిలో పెట్టాను. "నేను ఒకసారి చూశాను. నా చూపు నమ్మకు. నువ్వు చూడు. ఇంకా భయంగా ఉంటే ఆ కొన్న దుప్పటే చుట్టు, నేనేమీ అనుకోను."

మా ఆయన క్యాలెండరు కోసం గోడ వెతుకుతున్నాడు. అక్కడ లేదు పాపం.

కోడలు బొంతని మంచం మీద పరిచి, ముక్క తర్వాత ముక్క, రెండు వైపులా, ఏ తొందరా లేకుండా అయస్కాంతం తిప్పింది. పసుపు ముక్క దగ్గర కుట్టు విడిపోయి ఉండటం చూసి, నా సంచీలోంచి సూదీ దారం అడిగి, ఒక్కసారికే ఎక్కించి, ఎడమచేత్తో బెత్తెడు మేర కుట్టింది. కుట్లు పొడుగ్గా, పక్కకి వాలి వచ్చాయి. మా అబ్బాయి వంగి ఆ పసుపు గుడ్డని చూసి, "ఇది నా చొక్కా కదా" అన్నాడు.

కోడలు బిడ్డని అందులో చుట్టి నా చేతుల్లో పెట్టింది. ఇంత దగ్గర పట్టుకున్నా మొహం మసగ్గానే కనిపించింది. ముక్కు ఎవరిదో పోల్చుకోలేకపోయాను.

"ఆ కంటి డాక్టరు చీటీ చింపేశాను" అన్నాను. "మళ్ళీ రాయిస్తారా?"

"అతికించి పెట్టానత్తయ్యా" అంది కోడలు. "మందుల పెట్టెలో, మీ పేరుతో ఉన్న కవర్లో ఉంది."